అవిసె నూనె వాసన

నాన్నగారి సంవత్సరీకాలు పూర్తయి బంధువులంతా వెళ్ళిపోయిన సాయంత్రం, అటక మీది సామాను దింపి సర్దుతుంటే ఒక పాత బిస్కెట్ల డబ్బా చేతికి తగిలింది. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడతో నాలుగు మూలలా నెమ్మదిగా పైకెత్తి తీసేసరికి, లోపలి నుంచి ఒక్కసారిగా వచ్చిన వాసనకు అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అవిసె నూనె, కుట్టుమిషను నూనె, లీలగా కిరసనాయిలు, ఉతికి ఉతికి మెత్తబడిన పంచె గుడ్డ, ఇవన్నీ కలిసిన వాసన అది. నా చిన్నతనంలో ఆదివారం అంటే ఆ వాసనే.

డబ్బాలో పెద్దగా ఏమీ లేవు. మూడు ముక్కలుగా విడదీసి మళ్ళీ మరలతో కలుపుకునే ఇత్తడి కడ్డీ, దాని చివర బిగించే చిన్న కుంచె, సమానంగా కత్తిరించి దొంతరగా పేర్చిన గుడ్డ ముక్కలు, గాజు బుడ్డిలో అడుగంటిన నూనె, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక చదరపు అయిదు పైసల బిళ్ళ, కాల్చేసిన .22 అంగుళాల బోరు తూటా తొడుగు ఒకటి. ఇవన్నీ ఏ రైఫిల్ కోసం ఉండేవో ఆ రైఫిల్ ఇప్పుడు మా ఇంట్లో లేదు.

*

మా నాన్నగారు రాజమండ్రిలో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేవారు. అదే కళాశాలకు ఎన్.సి.సి. అధికారి కూడా కావడంతో వారానికి రెండు రోజులు ఖాకీ దుస్తులలో కనిపించేవారు. అది ఉద్యోగంలో భాగం. అది కాక, ఆయనకు సొంతంగా లైసెన్సు మీద ఒక .22 రైఫిల్ ఉండేది. చెకోస్లొవేకియాలోని బ్ర్నో నగరంలో తయారైన మోడల్ 2 అది. అయిదు తూటాలు పట్టే చిన్న మ్యాగజైను, అక్రోటు చెక్క, నీలి నలుపు రంగులో మెరిసే గొట్టం. ఆయన వేటకు ఎన్నడూ వెళ్ళలేదు. జీవితమంతా కాగితాన్నే కొట్టారు. కాగితానికి చిల్లు పెట్టడానికి ఇంత శ్రమ ఎందుకని పక్కింటివారు ఒకసారి అడిగితే, "చిల్లు పెట్టడానికి కాదండీ, రెండోసారి అదే చిల్లులోంచి పోనివ్వడానికి" అని చెప్పారు. ఆ మాట ఆయన నవ్వుతూ అన్నది కాదు.

ఆదివారం పొద్దున్న పలహారం అయ్యాక వసారాలో పాత వార్తాపత్రికలు పరిచేవారు. రైఫిల్‌ను బీరువాలోంచి తెచ్చి, గొట్టం గోడవైపు ఉండేలా పెట్టి, గొట్టం వెనుక మూసే బోల్టును వెనక్కి లాగి, తూటా కూర్చునే గదిని ముందు కంటితోనూ తరువాత చిటికెన వేలితోనూ పరీక్షించేవారు. అక్కడితో ఆగేవారు కాదు. "చూడు తల్లీ" అని నాకు చూపించేవారు. "చూశాను నాన్నగారూ, ఖాళీ" అని నేను పైకి చెప్పాలి. నేను అక్కడ లేకపోతే అన్నయ్య చెప్పాలి. మేమిద్దరమూ లేకపోతే వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చెప్పాలి. గడచిన ఆదివారం తాను ఖాళీ చేసి లోపల పెట్టిన తుపాకీయే అయినా, తాళం చెవి తన జంధ్యానికే ఉన్నా, రెండో మనిషి చూసి చెప్పేదాకా ఆయన పని మొదలుపెట్టేవారు కాదు.

తరువాత బోల్టు పూర్తిగా బయటికి తీసి, గొట్టం వెనుక భాగం దగ్గర చిన్న తెల్లకాగితం ముక్క వాలుగా పట్టుకుని, ముందు వైపు నుంచి నన్ను చూడమనేవారు. కాగితం మీద పడిన కిటికీ వెలుతురు గొట్టంలోకి ప్రసరించేది. లోపల నీటి సుడిలా వెండి గీతలు మెలితిరుగుతూ దూరంగా వెళ్ళేవి. అంత అందమైనది మా ఇంట్లో మరొకటి లేదని నాకు అప్పట్లో గట్టి నమ్మకం. ఆ గీతలు పదహారు అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయనీ, అందువల్లే గుండు తిరుగుతూ బయటికి వస్తుందనీ, తిరుగుతున్నంతసేపు బొంగరం పడిపోనట్టే గుండు కూడా దారి తప్పదనీ చెప్పేవారు. చెప్పి ఊరుకోకుండా అన్నయ్య బొంగరం తెప్పించి, తాడు చుట్టి, వసారా గచ్చు మీద తిప్పి చూపించేవారు.

కడ్డీని ఎప్పుడూ వెనుక నుంచే దూర్చేవారు. గొట్టం ముందు అంచు అన్నిటికన్నా సున్నితమైనదని, అక్కడ వెంట్రుకంత గీత పడినా గుండు వెలువడే క్షణంలో వెనుక ఉన్న వాయువు ఒక పక్క నుంచి ముందుగా తప్పించుకుని గుండును రెండో పక్కకు నెడుతుందని ఆయన వివరణ. మెత్తని సీసపు గుండు, దానిపై పల్చటి మైనపు పూత, ఇవి .22 గొట్టానికి ఏ హానీ చేయవనీ, కాల్చి పాడుచేసిన గొట్టాల కన్నా మొరటుగా తోమి పాడుచేసినవే ఎక్కువనీ అనేవారు. అందుకే కుంచె ఏడాదికి ఏ ఒకటి రెండుసార్లో బయటికి వచ్చేది. మిగిలిన రోజులలో గుడ్డ ముక్కలే. మొదటిది నల్లగా వచ్చేది, రెండోది బూడిద రంగులో, మూడోది దాదాపు తెల్లగా. చివర నూనె అద్దిన ముక్క ఒక్కసారి పోయి వచ్చేది. ఆ ముక్కల దొంతర చూసి, ఆ వారం ఆయన ఎన్ని తూటాలు కాల్చారో నేను చెప్పగలిగేదాన్ని.

ఆఖరున చెక్క వంతు. అరచేతిలో నాలుగు చుక్కల అవిసె నూనె వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్దేవారు. గుడ్డతో కాదు, చేత్తోనే. చెక్కలోని పోగులు ఒక్కొక్కటే పైకి తేలి, తేనె రంగుకు వచ్చేవి. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు సబ్బుతో ఎంత కడుక్కున్నా ఆయన చేతి వాసన పోయేది కాదు. అన్నం ముద్ద కలిపి నా నోట్లో పెట్టినప్పుడు పప్పు, నెయ్యి, వాటి వెనుక ఎక్కడో అవిసె నూనె.

*

గోదావరి ఒడ్డున ఇనుముకు శత్రువు గాలే. శ్రావణం వచ్చిందంటే తలుపులు ఉబ్బి మూసుకోవు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరవుతుంది. ఆ రెండు నెలలూ నాన్నగారు వారానికి రెండుసార్లు రైఫిల్ తుడిచేవారు. ఎవరో ఆత్మీయులు మంచి తోలు సంచి బహుమతిగా ఇస్తే, దానిలో రైఫిల్‌ను ఉంచడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. తోలు తేమను పట్టి ఉంచుతుందనీ, తోలు పదును చేసిన లవణాలు ఇనుమును తింటాయనీ చెప్పి, ప్రయాణంలో మోయడానికి వాడి, ఇంటికి రాగానే బయటికి తీసేవారు. బీరువాలో అది నూనె పట్టించిన నూలు దుప్పటిలోనే పడుకునేది.

ఇంటికి వచ్చినవారు రైఫిల్ చూస్తామని అడగడం మామూలే. ఆయన చూపించేవారు. కానీ వారు వీధి మలుపు తిరగకముందే గుడ్డ తీసుకుని, ఎవరి చేతులు ఎక్కడ తగిలాయో గుర్తు పెట్టుకుని, ఆ చోట్లన్నీ తుడిచేవారు. చెమటలోని ఉప్పు రాత్రికి రాత్రే పని మొదలుపెడుతుందని ఆయన భయం.

ఆ భయం ఎంత నిజమో నాకు తెలిసిన రోజు ఒకటుంది. మా ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. పెరటి నిండా మామిడికాయ ముక్కలు, ఆవపిండి ఘాటు, అమ్మా అత్తయ్యలూ చేతులు ఎర్రగా చేసుకుని కలుపుతున్నారు. ఉప్పు కొలిచి ఇచ్చే పని నాది. నాన్నగారు తుడవడం ముగించి, రైఫిల్‌ను వసారాలో గుడ్డ మీద ఉంచి, ఎవరో పిలిస్తే గుమ్మం దాకా వెళ్ళారు. బోల్టు ఆయన చేతిలోనే ఉంది. దాన్ని ఎన్నడూ వదిలి వెళ్ళేవారు కాదు. నేను లోపలికి వెళుతూ, ఎండలో మెరుస్తున్న ఆ నల్లటి గొట్టం ఎంత చల్లగా ఉంటుందో చూద్దామని ఎడమ పక్కన బొటనవేలు ఆనించాను. చల్లగానే ఉంది. అంతే, వెళ్ళిపోయాను.

మరుసటి ఆదివారం దుప్పటి విప్పేసరికి అక్కడ ఎర్రటి బొటనవేలి ముద్ర. ఒక్కొక్క గీతా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. నాన్నగారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. నూనె వేసి, మెత్తని గుడ్డతో, దాదాపు గంటసేపు రుద్దారు. ఎరుపు పోయింది. కానీ నీలి నలుపు పూత కింద బూడిద రంగులో ఆ ముద్ర నిలిచిపోయింది. ఎవరు ముట్టుకున్నారని ఆయన అడగలేదు. క్రిందటి వారం వచ్చి వెళ్ళిన చుట్టాలలో ఎవరిదో అనుకుని ఉంటారని నేను ధైర్యం తెచ్చుకున్నాను. చెప్పాలని ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

*

మా అమ్మ పుట్టిల్లు గోకవరం దాటాక, మన్యం అంచున. తాతయ్యగారికి అడవి పందుల బెడద నుంచి పంట కాపాడుకోవడానికి లైసెన్సు ఇచ్చిన జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకీ ఉండేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆయన దాన్ని పందులను బెదరగొట్టే చప్పుడుకే వాడేవారు. అయినా సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు తూటాలు కట్టుకునే ఆనవాయితీని మాత్రం మానలేదు. 'తూటాలు కట్టడం' అనే అనేవారు, పూలు కట్టినట్టు.

ఆ పని పగటిపూటే జరగాలి. దీపం వెలగకూడదు, పొయ్యిలో నిప్పు ఉండకూడదు, చుట్ట కాల్చే పాలేరు ఆ పూట చేను దాటి రాకూడదు. మేము పిల్లలం గుమ్మం అవతల నుంచే చూడాలి. వానలకు ఉబ్బిన ఖాళీ కాగితపు తొడుగులను ముందే చేటలో పోసి ఎండబెట్టి ఉంచేవారు. ఉబ్బిన తొడుగు గొట్టంలో ఇరుక్కుంటే కాల్చాక బయటికి రాదు. గేదె కొమ్ముతో చేసిన కొలత, దానికి వెండి పట్టీ. తుపాకి మందును దానితోనే కొలవాలి తప్ప చెయ్యి పెట్టకూడదు. మందుకూ రవ్వలకూ, అంటే చిన్న సీసపు గుళ్ళకూ, నడుమ బిరడా బిళ్ళ, రవ్వల మీద అట్ట బిళ్ళ. ఆ అట్ట బిళ్ళలను పాత శుభలేఖల నుంచి గుండ్రటి ఉలితో కొట్టి తీసేవారు. ఒక్కొక్క బిళ్ళ మీద పసుపు మరకా, సగం తెగిన పెళ్ళికొడుకు పేరూ కనబడేవి. చివరగా బల్ల అంచుకు బిగించిన ఇత్తడి పనిముట్టులో తూటాను ఇరికించి పిడి తిప్పితే, కాగితపు అంచు గరగర మంటూ లోపలికి మడతపడి బిళ్ళను పట్టుకునేది. ఆ గరగర శబ్దం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. కాఫీ గింజలు ఆడించే మర శబ్దానికి దగ్గరగా ఉంటుంది, కానీ ఇంకా మెత్తన.

ఒక ఏడాది ఎవరో పట్నం నుంచి తాతయ్యగారికి పొగరాని మందుతో చేసిన కొత్త తూటాల పెట్టె తెచ్చి ఇచ్చారు. ఆయన ముచ్చటపడి వాటినే వాడతానన్నారు. నాన్నగారు తుపాకీ అడిగి తీసుకుని, గొట్టాలు విడదీసి, అడుగు భాగంలోని ముద్రలను భూతద్దంతో చదివారు. ఆ గొట్టాలు దమస్కస్ రకానివి; ఇనుమూ ఉక్కూ పట్టీలుగా మెలిపెట్టి, కమ్మీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికి చేసినవి. పైన పాము చర్మం మీద ఉండేలాంటి చారలు. ఆ చారలు చూసి మురిసిపోని మనిషి ఉండడు.

"మావయ్యగారూ, దీని మీద కొత్త మందుకు పరీక్షించిన ముద్ర లేదండీ. ఈ అతుకుల మధ్య లోపల ఎక్కడ తుప్పు తిన్నదో పైకి కనబడదు. ఇవి ఇందులో వేయవద్దు."

"నలభై ఏళ్ళుగా పేలుస్తున్నానండీ అల్లుడుగారూ, ఏమీ కాలేదు."

"పాత మందుతో పేల్చారు. అది నెట్టినట్టు తోస్తుంది. ఇది ఒత్తిడి ఎక్కువసేపు నిలుపుతుంది. మీ ఎడమ చెయ్యి సరిగ్గా ఈ చారల మీదే ఉంటుందండీ."

తాతయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. అల్లుడు అత్తవారింట్లో ఇలా ఎదురు చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అమ్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఆయన ఆ పెట్టెను నాన్నగారి వైపు జరిపి, "తెచ్చినవాడికే తిరిగి ఇప్పించండి" అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి పాత తుపాకీని మరిగే నీళ్ళతో కడిగారు. పాత మందు మసి తేమను పీలుస్తుంది కాబట్టి, నూనె పెట్టేముందు నీళ్ళతోనే కడగాలి. గొట్టాలు చేతితో పట్టుకోలేనంత వేడెక్కి, వాటంతట అవే ఆరిపోయేవి.

*

.22 తూటాను ఇంట్లో కట్టుకోవడం కుదరదు. దాని అడుగున ఉన్న అంచు డొల్లగా ఉంటుంది. రాజుకునే రసాయనం ఆ అంచులోపలే చుట్టూ పరుచుకుని ఉంటుంది. బోల్టులోని పిన్ను ఆ అంచును నలగగొడితేనే పేలుతుంది. ఒకసారి నలిగిన అంచు మళ్ళీ పనికిరాదు. "మీరు కొనుక్కున్నవాటిని ఏరుకుంటారు, నేను కట్టుకుంటాను" అని తాతయ్యగారు అనేవారు. నిజంగానే నాన్నగారు ఏరుకునేవారు.

మా వీధి చివర ఉండే ఆచారిగారి దగ్గర బంగారం తూచే చిన్న త్రాసు ఉండేది. పోటీలకు ముందు నాన్నగారు దాన్ని ఒక పూట అరువు తెచ్చేవారు. కిటికీలు మూసి, పంకా ఆపేసి, యాభై తూటాల పెట్టె విప్పి, ఒక్కొక్కటే పళ్ళెంలో ఉంచేవారు. తూటా మొత్తం బరువు మూడు గ్రాముల పైచిలుకు. ఒక మాదిరి తూటాను రెండో పళ్ళెంలో ఉంచి, మిగతావాటిని దానితో పోల్చి, ముల్లు ఎటు మొగ్గితే అటు వేరు చేసేవారు. తేడా ఎంతో అంచనా కట్టడానికి ఆచారిగారు ఇచ్చిన గురివింద గింజలు ఉండేవి. గురివింద గింజ ఎత్తు తేడా వచ్చిన తూటాను ఆయన పోటీకి తీసుకెళ్ళరు. మూడు డబ్బాలు, బరువైనవి, తేలికవి, సరైనవి. యాభైలో ముప్పయి సరైనవి వస్తే ఆ రోజు ఇంట్లో పండుగ.

ఉక్కపోతలో, కదలని గాలిలో, ఆయన నుదుటి మీంచి చెమట జారుతుండగా, త్రాసు ముల్లు ఊగి ఊగి నిలిచేదాకా మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. అంకెలు నేను పుస్తకంలో రాసేదాన్ని. ఊపిరి నిలపడం నేను రైఫిల్ దగ్గర కాదు, ఆ త్రాసు దగ్గరే నేర్చుకున్నాను.

*

ఫైరింగ్ రేంజ్ ఊరి బయట గుట్టను ఆనుకుని ఉండేది. తెల్లవారుజామున ఎర్రజెండా ఎగరేసి, ముందుగా పశువుల కాపరులను మళ్ళించి, ఆ తరువాతే పెట్టెలు తెరిచేవారు. మహిళా కళాశాలలో చేరి నేనూ క్యాడెట్‌నయ్యాక ఆ ఇసుక మీద చాలాసార్లు బోర్లా పడుకున్నాను. మాకు ఇచ్చే రైఫిళ్ళు పాత లీ-ఎన్‌ఫీల్డ్ ఆకారంలోనే, .22 గొట్టంతో ఉండేవి. దూరం 25 గజాలు. ఉత్తరాది నుంచి వచ్చిన శిక్షకుడు, మా ఉస్తాద్, గొంతు గుట్టకు తగిలి తిరిగి వచ్చేది. "లేట్ కే పొజిషన్!" అనగానే వరుసంతా నేల మీద వాలేది. "భర్!" అని తూటా నింపమన్నాక బోల్టుల చప్పుడు ఒకేసారి కాకుండా, వాన మొదలైనట్టు అక్కడొకటి ఇక్కడొకటిగా వినిపించేది. మొదటి పేలుడుకు తాటిచెట్ల మీది చిలకలన్నీ లేచిపోయేవి. రెండో పేలుడు నుంచి వాటికి అలవాటే.

కాల్చిన తరువాత ఖాళీ తొడుగులు, ఉస్తాద్ భాషలో ఖోకాలు, లెక్క అప్పజెప్పాలి. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖోకాలు. ఒకరోజు రెండు వందలకు ఒకటి తగ్గింది. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ముప్పయి మంది ఆడపిల్లలం మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకను వేళ్ళతో దువ్వాం. ఒకమ్మాయి ఏడ్చింది. లాంతర్లు తెప్పించే మాట నడుస్తుండగా, నా పక్కనున్న అమ్మాయి చొక్కా చేతి మడతలోంచి అది జారి పడింది. ఉస్తాద్ దాన్ని ఎత్తి, ఊది, జేబు రుమాలుతో తుడిచి డబ్బాలో వేసుకున్నాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

.303 రైఫిళ్ళ కాల్పులు మగపిల్లలకు, శిబిరాలలో ఉండేవి. ఆ సాయంత్రాలు గుడారాల వెనుక పెద్ద డేగిసాలలో నీళ్ళు మరిగించేవారని అన్నయ్య చెప్పేవాడు. ఆ తూటాల అడుగున రాజుకునే క్యాపులోని రసాయనం కాలాక గొట్టంలో ఒక రకం ఉప్పును మిగుల్చుతుంది. నూనె ఆ ఉప్పును కరిగించలేదు, నీరే కరిగించాలి. అందుకే గరాటు పెట్టి వెనుక నుంచి మరిగే నీళ్ళు పోసి, తాడుకు చిందీ గుడ్డ తగిలించి లాగేవారు. ఆరబెట్టడానికి నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు గుడ్డ. నూనె పెట్టడానికి వెడల్పు ఒకటిన్నరే. మా ఇంట్లో పంచెలు కత్తిరించేటప్పుడు కూడా నాన్నగారు స్కేలు పెట్టి కొలిచేవారు.

*

ఇంట్లో సాధనకు తూటా అవసరం లేదు. డబ్బాలోని ఖాళీ తొడుగు అందుకే. .22 రైఫిల్‌ను ఏమీ లేకుండా పేల్చితే పిన్ను నేరుగా గొట్టం అంచుకు తగిలి గాటు పెడుతుంది. అందుకని కాల్చేసిన తొడుగును లోపల ఉంచి, ప్రతిసారీ కొద్దిగా తిప్పుతూ, ఖాళీగా మీట నొక్కేవారం. ఎదురుగా గోడ మీద నల్లటి చుక్క. గొట్టం చివర, గురి చూసే ముక్క వెనుక అయిదు పైసల బిళ్ళ. అల్యూమినియంది, బరువు లేనిది, ఊపిరి తగిలినా జారేది. మీట నొక్కాక కూడా బిళ్ళ కదలకూడదు. నేను ఒక వేసవి అంతా రోజుకు ఇరవైసార్లు నొక్కి, బిళ్ళ పడకుండా వరుసగా పది చేసిన రోజున, నాన్నగారు పుస్తకంలో తేదీ వేసి నా పేరు రాశారు.

ఆయన వయసు డెబ్భై దాటాక, 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్‌ను మేము టీవీలో చూశాం. ఆఖరి గుండుకు ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమానంగా ఉన్నాడు. ఆ పోటీలో పది వలయం అంటే అర మిల్లీమీటరు చుక్క, గసగసం కన్నా చిన్నది. బింద్రా 10.8 కొట్టాడు. మొత్తం 700.5. ఇంట్లో పిల్లలు అరుస్తున్నారు. నాన్నగారు మాత్రం బిగబట్టిన ఊపిరిని నెమ్మదిగా వదిలి, "చూశావా తల్లీ, కొట్టాక కూడా తల ఎత్తలేదు" అన్నారు. నాలుగేళ్ళ తరువాత లండన్‌లో, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ అదే పోటీలో 701.1తో కాంస్యం తెచ్చినప్పుడు ఆయన లేచి నిలబడ్డారు.

ఆ తరువాత ఒకసారి ఆయనను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌కు తీసుకెళ్ళాను. పన్నెండేళ్ళ పిల్లలు, బిగుతైన కోట్లు, ఎదురుగా తెర మీద దశాంశాలతో అంకెలు. మందు వాసన లేదు. పేలుడు లేదు, తుమ్మినంత చప్పుడు. ఆయన ఒక చిన్నపిల్లను, "ఖోకాలు ఎవరు లెక్కపెడతారమ్మా?" అని అడిగారు. "పెల్లెట్‌కి ఖోకా ఉండదు తాతగారూ" అని ఆ పిల్ల చెప్పింది. ఆయన తల ఊపి, ఆ పిల్ల రైఫిల్ గొట్టాన్ని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేదాకా నిలబడి చూశారు.

*

ఎన్నికలు వచ్చినప్పుడల్లా రైఫిల్‌ను అప్పగించాల్సి వచ్చేది. నాన్నగారు ముందురోజు గొట్టం లోపలా బయటా దట్టంగా నూనె పట్టించి, నూలు దుప్పటిలో చుట్టి, రిక్షాలో ఒడిలో పెట్టుకుని తీసుకెళ్ళేవారు. ఒకసారి వానాకాలంలో అప్పగిస్తే, మూడు నెలల తరువాత దుప్పటి లేకుండా, గోడ చెమ్మకు ఆనించినది తిరిగి వచ్చింది. బోల్టు పిడి మీద, మీట చుట్టూ ఎర్రటి దద్దుర్లు. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ తరువాత ప్రతిసారీ, అప్పగించేముందు రైఫిల్ స్థితిని తన చక్కటి దస్తూరీలో రెండు ప్రతులుగా రాసుకుని, ఒకదానిపై సంతకం పెట్టించుకుని ఇంట్లో దాచేవారు. ఆ కాగితాలను మాలో ఎవరమూ ఎన్నడూ చదవలేదు.

నాన్నగారు పోయాక లైసెన్సు చెల్లదు కాబట్టి రైఫిల్‌ను ముందు డీలరు దగ్గర భద్రపరిచాం. అన్నయ్య విదేశంలో ఉన్నాడు. నేను ఉండేది అపార్ట్‌మెంట్‌లో, కళ్ళకు శుక్లాలు. లైసెన్సు ఉన్న ఒక యువ షూటర్ తీసుకుంటానని ముందుకు వచ్చాడు. అనుమతులు వచ్చాక, కాగితాలన్నీ ఉన్న కవరు తీసుకుని దుకాణానికి వెళ్ళాను. గుమాస్తా పెద్ద రిజిస్టరు తెరిచి, తయారీ, నంబరు, బోరు రాసుకున్నాడు.

"గుర్తింపు చిహ్నాలు ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగి, కవరులోని పాత కాగితాలు తిరగేసి, పసుపు పచ్చబడిన ఒకదాన్ని పైకి చదివాడు. నాన్నగారి దస్తూరీ నాకు దూరం నుంచే కనబడింది.

"గొట్టం ఎడమ పక్కన, మా అమ్మాయి బొటనవేలి ముద్ర."

నేను మాట్లాడలేకపోయాను. అతను తల ఎత్తి, "ఇప్పటికీ ఉందా అండీ?" అన్నాడు. రైఫిల్‌ను వెలుతురుకు తిప్పి చూశాను. ఉంది. నా గోరంత ముద్ర, బూడిద రంగులో, గీతలతో సహా. వేలు దాని మీద పెట్టలేదు. ఒక గుడ్డ ఇవ్వమని అడిగి, మా చేతులు తగిలిన చోట్లన్నీ తుడిచి, బల్ల మీద పెట్టాను.